లండనులో హిందూస్థానీ పూటకూటి యిల్లు

పరదేశమున కాపురముండినవాని చరిత్రమును వ్రాయబూనువారు అతడు చూచిన కోటలను, దర్శించిన ప్రభువులను ముందుగా లెక్కింతురు. అతడు ఏ వీథిలో అద్దెకుండెనో, ఏ పూట ఎవరి పంక్తిని భోజనము చేసెనో, ఆ భోజనమునకు సొమ్ము చెల్లించిన దెవరో విచారించుట అల్పవిషయమని తలంతురు. మా యభిప్రాయము దీనికి విరుద్ధము. కోటలు వచ్చినవారి కెల్ల కనబడును. అన్నము మాత్రము అందరికి ఒకే విధముగా దొరకదు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో సుమారు నూరుమంది పరివారముతో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మజిలీ మజిలీకిని నీళ్లెట్లున్నవో, అంగళ్లు కలవో లేవో, సామగ్రి దొరకునో దొరకదో వ్రాసికొనుచు పోయిరి. దారిలోని దేవాలయములను గురించి ఇతరులును వ్రాసియున్నారు. ఆ యంగళ్లను గురించి వారు వ్రాయకున్నచో నేడు మనకు తెలియజేయువారు లేరు.

ఈ దృష్టితో చూచినచో లండను నగరమున తొలినాళ్లలో నివసించిన మన దేశస్థుల చరిత్రము మిక్కిలి ఆసక్తికరముగా నుండును. రాజా రామమోహనరాయలు 1831లో ఇంగ్లండు చేరి, 1833లో బ్రిస్టలు పట్టణమున కాలధర్మము నొందిరని మన బాలబాలికలు పాఠశాలలలో చదువుకొందురు. దానిచే ఆయనయే సముద్రము దాటిన మొదటి హిందూదేశీయుడను భావము పలువురి మనస్సులలో నాటుకొని యున్నది. అంతకు ముప్పది సంవత్సరములకు ముందే ఇద్దరు మహమ్మదీయులు, ఒకడు పాట్నావాడు, ఒకడు లక్ష్మణపురివాడు, ఆ ద్వీపములలో నివసించి గ్రంథములు వ్రాసిరి. ఇరువురును 1799వ సంవత్సరాంతమున ఐర్లండు దేశమునందలి కార్కు పట్టణములో ఒకరి నొకరు చూచుకొనిరి. ఒకడు అతిథిగా వచ్చి అతిథిగానే మరలిపోయెను. రెండవవాడు కాపురస్థుడై అచ్చటనే మట్టిలో కలిసెను. ఈ రెండు స్థితులకును గల వ్యత్యాసమే మేము ఇచ్చట చెప్పదలచిన విషయము.

కాపురస్థుని సంగతి ముందు చెప్పెదము. దీన్ మహమ్మదు 1759లో పాట్నాలో జనించెను. తండ్రి ఇంగ్లీషు కంపెనీవారి వంగసేనలో సిపాయిగా నుండి, ఈ బాలునికి పదునొకండేండ్లయిన నిండకముందే యుద్ధమున మరణించెను. అనాథుడైన పిల్లవాడు గాడ్‌ఫ్రీ బేకరను ఐరిషు యువకుని పంచ జేరి, సేన వెంబడి పదునైదేండ్లు ఉత్తరదేశమంతయు తిరిగి, జమాదారై, సుబేదారై, బేకరు కొలువు మానుకొని స్వదేశమునకు పోవునప్పుడు అతనితో కూడ 1784లో కార్కు చేరెను. ఇరువది యైదేండ్ల ప్రాయమున అట్లు తన దేశమును విడిచినవాడు మరల దానిని చూడలేదు. కార్కులో ఇంగ్లీషు చదువుచు, 1786లో జేను డేలీ యను ఐరిషు కన్యను లేవదీసికొనిపోయి వివాహమాడెను. 1794లో తన ప్రయాణములను గురించి, ఒక మిత్రునికి వ్రాసిన లేఖల రూపమున, రెండు సంపుటముల గ్రంథము నచ్చొత్తించెను. హిందూదేశీయుడు ఇంగ్లీషున వ్రాసి ప్రకటించిన మొదటి గ్రంథ మిదియేనని చరిత్రకారులు చెప్పుచున్నారు. మూడువందలకు పైగా చందాదారులు ముందుగా సొమ్మిచ్చి పుస్తకమును తీసికొనిరి. అందు కొన్ని భాగములు అంతకు పూర్వము తెల్లవారు వ్రాసిన యాత్రాగ్రంథములనుండి ఎత్తి వ్రాయబడినవని ఈ కాలపు పరిశోధకులు కనుగొనిరి. దీనిని మేము మరుగుపరుపము. కాని తాంబూలము, పల్లకీ, నవాబుల ఊరేగింపు మున్నగువానిని గురించి ఐరిషు దొరలకు ఏమి తెలియవలెనో, ఏ మాటలలో చెప్పిన వారు విందురో ఎరిగి వ్రాసిన నేర్పు మాత్రము ఎరువు తెచ్చుకొన్నది కాదు.

ఇక అతిథి. మీర్జా అబూతాలిబు ఖాను 1752లో లక్ష్మణపురిలో పుట్టెను. పారసీక భాషయందు పండితుడు, కవి. అయోధ్య నవాబుల కొలువున అమీలుగా కొంతకాల మధికారము చేసి, దర్బారు కలహములలో పదవి గోలుపోయి, కలకత్తాకు వచ్చి, కంపెనీ దొరల వాకిళ్ల చుట్టును తిరుగుచు సంవత్సరములు గడపెను. అచ్చట చిన్నకుమారుడు చనిపోయెను. ఆ దుఃఖములో నుండగా కప్తాను రిచర్డుసను అను స్నేహితుడు, 'నేను సీమకు పోవుచున్నాను, నీవును రమ్ము, దారిబత్తెము నేనే పెట్టుకొందును' అని పిలిచెను. ఇంత దీర్ఘమైన ప్రయాణమున ఏదో యొక అపాయము తటస్థించి ప్రాణము పోవుననియు, అంతటితో ఈ చింతలన్నియు తీరుననియు తలంచి అంగీకరించితినని అతడే వ్రాసెను. లోకములు చూచు వేడుకతో బయలుదేరిన యాత్రికులు పెక్కుమంది కలరు గాని, చావు దొరకునేమో యని ఓడ యెక్కి, పిమ్మట లండనులో నాటకశాలలకును విందులకును తీరిక చాలనంతగా తిరిగినవాడు ఇతడొక్కడే యని మాకు తోచుచున్నది.

1799 ఫిబ్రవరిలో కలకత్తానుండి డేనిషువారి యోడలో బయలుదేరిరి. ఆ యోడలో తనకిచ్చిన గది చీకటికొట్టమనియు, ఇరుగుపొరుగు గదులవారి సందడిచే నిద్రలేదనియు మీర్జా వాపోయెను. దక్షిణాఫ్రికా కొనయందలి కేపు పట్టణమున నెలల తరబడి నిలువవలసి వచ్చెను. అచ్చటి డచ్చి గృహస్థులు బసకును భోజనమునకును అడుగడుగునను సొమ్ము గుంజిరని అతని ఫిర్యాదు. తుదకు వేరొక యోడలో డిసెంబరు మాసమున కార్కు రేవు చేరిరి. ఆ ఊరనే బేకరుల యింట దీన్ మహమ్మదు కనబడెను. అతని యింటిని, కాపురమును, అందమైన బిడ్డలను, అతడు వ్రాసిన పుస్తకమును గురించి మీర్జా కొన్ని పంక్తులు వ్రాసి ముందునకు సాగిపోయెను. ఆ కొన్ని పంక్తులు మాకు చాలవు. పదునైదేండ్లుగా ఆ చలిదేశమున నున్నవానిని ఇతడేమి యడిగెను? ఏ భాషలో మాటలాడుకొనిరి? ఇంట ఏమి వండుకొందురని యైన అడిగెనా? మీర్జా ఇవి యేవియు చెప్పలేదు. ప్రభువుల విందులను పుటలకొలది వర్ణించిన కలము దేశస్థుని యింటి గడపకడ ఆగిపోయెను.

డబ్లిను పట్టణమున ఐర్లండు పాలకుడు కార్నువాలిసు, అనగా పూర్వము మన దేశమున గవర్నరు జనరలుగా నుండినవాడే. మీర్జా అతనిని దర్శించి మర్యాదలు పొందెను. ఆ ఊరనే మొదటిసారి మంచు కురియుట చూచెను. వీథిలోనికి వచ్చినంతనే జనులు చుట్టును మూగి, రష్యా సేనానియని కొందరును, జర్మను ప్రభువని కొందరును, పారసీక రాజకుమారుడని మరికొందరును వాదులాడుకొనెడివారట. అచ్చటి కాపులు ఉర్లగడ్డలే ప్రధానాహారముగా బ్రదుకుచున్నారనియు, వారి దారిద్ర్యముతో పోల్చినచో మన పల్లెవారు ధనికులే యనియు అతడు గుర్తించెను. ఈ ఒక్క వాక్యముచే మీర్జా మా గౌరవమునకు పాత్రుడైనాడు. తెల్లవారి దేశమున బీదవారు కలరని అంత ముందుగా చూచి వ్రాసిన మనవా రరుదు.

1800 జనవరిలో లండను ప్రవేశించెను. అచ్చట రెండు సంవత్సరముల పై నాలుగు నెలలు నివసించెను. మూడవ జార్జి రాజును, రాణిని సందర్శించెను. పత్రికలవారు 'పారసీక రాజకుమారు'డని బిరుదు తగిలించిరి. తాను రాజకుమారుడను కానని చెప్పినను ఎవరును వినలేదని మీర్జా వ్రాసెను. ఎంత గట్టిగా చెప్పెనో మాత్రము వ్రాయలేదు. చిత్రకారులు అతని రూపమును వ్రాసికొనిరి. లండను మేయరు విందునకు పిలిచెను. బసలు మార్చినప్పుడెల్ల గొప్పవారి బండ్లు అతని వాకిట నిలిచినవి. సంగీతనాటకశాలలు, కాఫీశాలలు, ఒక్కొక్క వృత్తివారు కూడుకొను సమాజములు, రాత్రివేళ దీపములు వెలుగు అంగళ్లు, ఇవి యన్నియు అతనిని మురిపించినవి. ఆంగ్లేయులకు యంత్రములయందు గల వ్యామోహమును వర్ణించుచు, ఒక్క కోడిని కాల్చుటకును, మాంసమును, ఉల్లిపాయలను తరుగుటకును గూడ వారి వంటశాలలలో యంత్రములున్నవని ఆశ్చర్యపడెను. వంటింటిలోనికి తొంగిచూచిన ఈ చూపు మాకు మిక్కిలి ప్రియము.

అట్లు విందులు గుడిచిన మీర్జాయే ఆంగ్లేయుల దోషములను పండ్రెండింటిని ఎన్ని వ్రాసెను. మతవిశ్వాసము లేకుండుట, గర్వము, ధనాశ, సుఖాసక్తి, ఇతర జాతుల ఆచారములయెడ తిరస్కారము మొదలైనవి అందు కలవు. నిద్రకును, అలంకారమునకును, భోజనమునకును దినములో పెక్కు గంటలు వృథాచేయుదురనుట మరియొక దోషము. ఎవరి పంక్తిని కూర్చుండి ఈ గంటలు లెక్కించెనో తలంచినప్పుడు నవ్వు రాకమానదు. అయినను లెక్క తప్పు కాదు. ఇతర జాతుల ఆచారములను ఎగతాళి చేయుదురనుట యంతకంటెను నిజము. అన్నము పెట్టినవాని దోషమును చెప్పరాదను నీతిని అతడు పాటించి యుండినచో మనకొక మంచి పుస్తకము లేకపోయెడిది.

మన సోదరీమణు లెరుగవలసిన సంగతి యొకటి యున్నది. ఒక గోష్ఠిలో ఒక ఆంగ్లస్త్రీ ఆసియాస్త్రీలకు స్వేచ్ఛ యేమియు లేదని యనగా, మీర్జా ఆ మాటకు బదులుగా ఒక వ్యాసమే వ్రాసెను. అది ఇంగ్లీషున అచ్చుపడెను. ఆస్తిపైనను, బిడ్డలపైనను, ఇంటి పరివారముపైనను మా స్త్రీలకు గల అధికారము మీ స్త్రీలకు లేదని అతని వాదము. ఆస్తివిషయమున అతడు చెప్పినదానిలో చాలభాగము సత్యమే. మహమ్మదీయ ధర్మమున స్త్రీధనము స్త్రీదే. ఇంగ్లండులోనో, వివాహితయైన స్త్రీ తన సొత్తును తానే అనుభవించు హక్కు 1882 నాటి చట్టముచే గాని పూర్తిగా సిద్ధింపలేదు. ఇది చూచి హిందూసంఘము నవ్వుకొనుటకు వీలులేదు. మన కుమార్తెలు తండ్రియాస్తిలో భాగమునకు 1956 వరకు వేచియుండవలసి వచ్చెను. కాని జెనానాలో నుండుటయే స్వాతంత్ర్యమని మీర్జా చేసిన వాదమును మే మంగీకరింపజాలము. దాసదాసీజనము గల గొప్పింటి బేగమును మనస్సున నిడుకొని అతడు వాదించెను. నీళ్లు మోసి, పిండి విసరి, పొలమునకు పోవు స్త్రీ ఆ వ్యాసములో ఎచ్చటను కనబడదు. పరదేశమున మనలను ఎవరైన ఆక్షేపించినప్పుడు ఇంటిలోని లోపమునుగూడ గుణముగా సమర్థింపబుద్ధి పుట్టును. ప్రవాసులకు సహజమైన ఈ దౌర్బల్యము ఆనాటినుండియు నున్నది.

1802 జూనులో మీర్జా లండను విడిచి, పారిసు, మార్సేలు, జెనోవా, మాల్టా, కాన్‌స్టాంటినోపులు, బాగ్దాదు, బస్రా మార్గమున బొంబాయి చేరి, 1803 ఆగస్టులో కలకత్తాలో దిగెను. తన యాత్రను పారసీకమున వ్రాసి ముగించి 1806లో మరణించెను. ఆ గ్రంథమును చార్లెసు స్టూవర్టు ఇంగ్లీషున పరివర్తనము చేయగా 1810లో లండనున అచ్చయ్యెను. సరిగా ఆ 1810వ సంవత్సరముననే, ఆ లండనులోనే, దీన్ మహమ్మదు ఒక పూటకూటి యిల్లు తెరచెను.

పూటకూలి యనిన మనకు క్రొత్త కాదు. ఓరుగల్లు నగరమున ఒక్క రూకకు దొరకిన పూటకూటింటి భోజనము క్రీడాభిరామమున వర్ణింపబడి యున్నది. రూక యిచ్చినవాడు విస్తరి ముందు కూర్చుండును. పెట్టినవారికి అతడు చుట్టము కానక్కరలేదు, అతనికి వారు ప్రభువులు కానక్కరలేదు. విందునకును పూటకూటికిని భేదమిదియే. మీర్జా ఎరిగినది విందు; దీన్ మహమ్మదు పెట్టినది పూటకూడు.

కార్కునుండి దీన్ మహమ్మదు 1807 ప్రాంతమున సకుటుంబముగా లండను చేరి, పోర్టుమను స్క్వేరులో బేసిలు కాక్రేను అను ధనికుని యింట పనికి కుదిరెను. ఈ కాక్రేను మన చెన్నపట్టణమున కంపెనీ యుద్యోగియై, నౌకాసైన్యమునకు సరకులు సమకూర్చు గుత్తలచే అపారమైన ధనమార్జించినవాడు. చెన్నరాజధానిలో చేరిన సొమ్ము లండనులో మేడయై, ఆ మేడలో ఆవిరి స్నానశాలయై, ఆ స్నానశాలలో ఒక పాట్నావానికి జీతమైనది! ఆ పేటయంతయు ఇట్టివారిదే. తూర్పుదేశమున గడించి వచ్చి, అచ్చటి వంటలను, హుక్కాను మరువలేక యున్న దొరలు ఆ వీథులలో పెక్కుమంది కాపురముండిరి. వారిని చూచియే దీన్ మహమ్మదునకు ఆశ పుట్టియుండును.

కూర యను పదార్థము అప్పటికే ఆంగ్లేయులకు తెలియును. 1747లో హన్నా గ్లాసు అచ్చొత్తించిన పాకశాస్త్రములో హిందూదేశపు పద్ధతిని కూరవండు విధము కలదు. 1773లో హేమార్కెటు దగ్గర నారిసు వీథిలోని కాఫీశాల కూర వడ్డింతుమని ప్రకటించినది. కాని అవి ఆంగ్లేయులు వండి ఆంగ్లేయులకు పెట్టినవి. మన దేశస్థుడొకడు తానే యజమానుడై, తన పేరు పెట్టుకొని, పూర్తిగా తన దేశపు వంటలతో భోజనశాలను నెలకొల్పుట జార్జి వీథి 34వ సంఖ్య గల యింటనే మొదలు. 'హిందూస్థానీ కాఫీ హౌసు' అని దానికి పేరు. కాఫీకి అచ్చట ప్రాధాన్యము లేదు. అన్నము, కూరలు, మసాలాలు వేసిన వంటకములు, వానిపై హుక్కా. వెదురుతో చేసిన సోఫాలు, కుర్చీలు వేయించెను. గోడలకు తూర్పుదేశపు చిత్రములు కట్టించెను. హుక్కా త్రాగుటకు వేరొక గది యేర్పరచెను. చిలుము పొగాకు అసలైనదనియు, ఇట్టి కూరలు ఇంగ్లండులో ఇంతవరకు పుట్టలేదని రుచులెరిగినవారే ఒప్పుకొన్నారనియు 1811లో టైమ్సు పత్రికలో ప్రకటించెను. 1815లో వెలువడిన లండను భోజనశాలల మార్గదర్శిలో గూడ ఆ వెదురు కుర్చీల వర్ణన మున్నది.

ఆ వర్ణన మచ్చుపడునప్పటికి దీన్ మహమ్మదు అచ్చట లేడు. తెరచిన రెండేండ్లకే, 1812లో, అతడు దివాలా తీసెను.

ఇట్లేల జరిగెను? వంట రుచిగా లేదనుటకు ఆధారము లేదు. కారణము వేరొకచోట నున్నది. కూర కావలసిన దొరలు ఇంటనే వండించుకొనుచుండిరి. మన దేశమునుండి మరలునప్పుడు వారు వంటవారిని, సేవకులను వెంటబెట్టుకొని పోయిరి. మసాలాలు అంగళ్లలో దొరకుచుండెను. ఇంట హుక్కాబర్దారున్నవాడు వీథిలోని హుక్కాకు సొమ్మేల ఇచ్చును? వర్తకులకు నగరమధ్యమున జెరూసలేము కాఫీశాల యుండెను. కంపెనీ యోడల వార్తలు అచ్చట దొరకును గనుక వారు అచ్చటికే పోయిరి. హిందూదేశము నెన్నడు నెరుగని సామాన్య ఆంగ్లేయుడు పోర్టుమను స్క్వేరు ప్రాంతమున కారపు కూరకై వచ్చి కూర్చుండు కాలమింకను రాలేదు. గొప్పవారినే నమ్ముకొని, గొప్పవారికి తగిన యలంకారములతో, గొప్పవారు తమంత తాము చేసికొనగల పనికి అంగడి పెట్టుట వ్యాపారమున పొరపాటు. ఈ పొరపాటు మన పట్టణములలోను ఏటేట చూచుచున్నదే.

అతనికి స్వదేశస్థులు గిరాకులుగా లభింపలేదా యని పాఠకు లడుగవచ్చును. లండనులో మనవారు లేకపోలేదు. కంపెనీ యోడలలో పనిచేయు ఖలాసీలు తూర్పు రేవులలో వందలకొలది దిగుచుండిరి. తిరుగుటోడ దొరకువరకు చలిలో, ఇరుకు బసలలో, పస్తులతో కాలము గడపుచుండిరి. వీథులలో బిచ్చమెత్తినవారును, రోగములచే మరణించినవారును కలరు. దొరసానుల బిడ్డలను పెంచుచు వచ్చిన ఆయాలను లండను చేరిన తరువాత కొందరు యజమానులు విడిచిపెట్టిరి. వీరికి అన్నమును కూరయు ఎంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. వీరి చేతిలో రూక లేదు. ఒక్క నగరములోనే కూర కావలసినవానికి సొమ్ములేదు. సొమ్మున్నవానికి ఇంటనే కూర యున్నది. ఈ రెంటికి నడుమ దీన్ మహమ్మదు యంగడి యుండెను. మీర్జా రెండేండ్లకు పైగా అచ్చట సుఖముగా భుజించెను. అతనిని పిలిచినవారెవరును భోజనము వెల యడుగలేదు. దీన్ మహమ్మదు వెల యడిగెను. అడిగిన నాటినుండి అతడు రాజకుమారుడు కాడు, వింత కాడు. అప్పులవారి పట్టీలో ఒక పేరు.

1813లో అతడు ఇంటి పరిచారకుడుగానో, దొరకు వస్త్రములు తొడుగు సేవకుడుగానో పని కావలెనని టైమ్సులో ప్రకటన చేసికొనెను. అప్పటి కతనికి ఏబదినాలుగేండ్లు. జమాదారు, సుబేదారు పదవులు చేసి, గ్రంథము వ్రాసి, ఆ గ్రంథమున తనను తాను దొరలకు మిత్రుడుగా చెప్పుకొన్నవాడు ఆ పత్రికలోనే ఊడిగమునకు సిద్ధమని వ్రాయుటకు ఎట్టి గుండె కావలెనో ఆలోచింపుడు. తోడుగా జేను డేలీ యుండెను. ఆమెను గురించి గ్రంథములు చెప్పునది కొంచెము. కార్కులో బంధువులను విడిచి వచ్చి, లండనులో దివాలాను చూచి, మరల బ్రైటనులో మూటలు విప్పినది ఆమెయే.

బ్రైటను సముద్రతీరమునందలి విలాసనగరము. 1814లో దీన్ మహమ్మదు కుటుంబము అచ్చటికి తరలెను. ఈసారి అతడు హిందూదేశము నెరిగినవారిని ఆశ్రయింపలేదు, ఎరుగనివారిని ఆశ్రయించెను. ఓషధులు వేసిన ఆవిరి స్నానము, దానిపై ఒళ్లు పట్టుట. ఇప్పుడు మన యింటింట తలకు రుద్దుకొను 'షాంపూ' యను మాట ఈ ఒళ్లు పట్టుటనుండియే పుట్టినది. పిసుకుట, అదుముట యను అర్థముగల హిందూస్థానీ క్రియ ఇంగ్లీషునకు పోయి, అచ్చట సబ్బునీటిగా మారి, సీసాలలో తిరిగి మనకు వచ్చినది. మొదట అచ్చటివారు నవ్విరి. పిమ్మట కీళ్లనొప్పులవారు వచ్చిరి. నయమైనవారు విడిచిపోయిన చంకకర్రలను అతడు స్నానశాలలో ప్రదర్శనమునకు పెట్టెను. 1822లో తన చికిత్సను గురించి పుస్తకము ప్రకటించెను. నాలుగవ జార్జి, నాలుగవ విలియము రాజులకు 'షాంపూ వైద్యు'డను పదవి లభించెను. తాను వైద్యము నేర్చితినని నమ్మించుటకై తన పుట్టిన సంవత్సరమును పదేండ్లు వెనుకకు జరిపి 1749 అని చెప్పుకొనెను. ఈ యసత్యమును మేము మెచ్చము. అయితే ఏబది దాటిన వయస్సున సముద్రతీరమున అంగడి పెట్టి బిడ్డలను పోషింపవలసిన పరదేశికి, తన చేతిలోని పనితనముకంటె తెల్లవారు నమ్ము చరిత్రమే ముందు కావలసివచ్చిన దుస్థితినిగూడ విస్మరింపరాదు.

ఆ బ్రైటనులోనే అదే కాలమున రాజు తన విహారభవనమునకు హిందూదేశపు రీతిని గుమ్మటములు కట్టించుచుండెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1914 మొదలు 1916 ఆరంభమువరకు, ఆ గుమ్మటముల క్రిందనే ఐరోపా యుద్ధమున గాయపడిన మన సిపాయీలకు వైద్యశాల నడచినది. అచ్చట వేర్వేరు మతములవారికి, కులములవారికి వేర్వేరు వంటశాలలును, నీళ్ల కుళాయిలును ఏర్పరచవలసి వచ్చెను. ఒకే కందకములో ఒకే గుండునకు గురియైనవారికి ఒకే పొయ్యి పనికిరాలేదు. ఆ పొయ్యిలను అచ్చటికి తీసికొనిపోయినది ఆంగ్లేయులు కాదు.

లండనులో మన వంటల అంగళ్ల చరిత్రము ఆ తరువాత చాల దూరము పోయినది. 1926లో రీజెంటు వీథిని ఎడ్వర్డు పామరు స్థాపించిన భోజనశాలకు 'వీరస్వామి' యని పేరు. ఆ పేరు చూచి మన కాశీయాత్రాకర్త యని భ్రమపడవలదు. పిమ్మట బ్రిటనులో వేలకొలదిగా వెలసిన 'ఇండియను' భోజనశాలలలో పెక్కింటిని నెలకొల్పినది ఇప్పటి బంగ్లాదేశమునందలి సిల్హెటు ప్రాంతపు వారు. వారి పూర్వులలో పలువురు ఓడల ఖలాసీలే. 1812లో కూర కొనుటకు రూక లేనివారి సంతతి తుదకు కూర నమ్ము యజమానులైనది. సామాన్య ఆంగ్లేయుడు వచ్చి కూర్చుండు కాలము అప్పటికి వచ్చినది.

దీన్ మహమ్మదు 1851 ఫిబ్రవరిలో బ్రైటనులో మరణించెను. జేను అంతకు రెండు నెలల ముందే పోయెను. మనుమడు ఫ్రెడరికు అక్బరు మహమ్మదు లండనులోని గైసు వైద్యశాలలో వైద్యుడై, రక్తపుపోటును గురించి గొప్ప పరిశోధనలు చేసి, 1884లో ముప్పదియైదేండ్లకే గతించెను. తాత చెప్పుకొన్న వైద్యవిద్య మనుమనికి నిజముగా సిద్ధించినది. జార్జి వీథిలో భోజనశాల యుండిన చోట 2005లో వెస్ట్‌మినిస్టరు పురపాలకులు దీన్ మహమ్మదు పేరుతో ఒక ఆకుపచ్చని ఫలకము నమర్చిరి. నడుమ ఇండ్ల సంఖ్యలు మారినవి. ఆనాడు 34 అయినది ఈనాటి లెక్కలో 102.